రోజూ వేసుకునేది

పది మాత్రల అట్టలోంచి ఆరింటిని కత్తిరించి, మిగిలిన నాలుగింటినీ డబ్బాలో వేసి, చీటీని మరోసారి వేలు పెట్టి చదువుకుని అడిగాడు: "ఇంకేమైనా వాడుతున్నారా?"

"కోపం తగ్గడానికేమైనా ఉంటే ఇవ్వండి, మా ఆయనకి వాడతా" అంది కిటికీకి అవతలున్న ఆవిడ. వరుసంతా నవ్వింది. అతను నవ్వలేదు. జవాబు వచ్చేదాకా పొట్లం చేతికివ్వడు.

ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే స్టూలు, అదే ప్రశ్న. అసలు పేరు హాజరు పట్టీలో మిగిలింది గానీ, జనానికి అతను "ఇంకేమైనా గారు". సన్నటి మనిషి. కళ్ళజోడు ముక్కు మీద రెండు గుంటలు చేసింది. అట్టల అంచులు తగిలి తగిలి బొటనవేళ్ళు గరుకెక్కాయి. ఏ మందుకామందు బుద్ధిమంతురాలేననీ, రెండూ ఒకే కడుపులో చేరితే తోడికోడళ్ళవుతాయనీ అతని భయం. ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చున్నా ఆ రోజు ఇచ్చిన చీటీలన్నీ నెమరేసుకునేవాడు. "ముందు ఆ తిన్నది అరగనివ్వండి, చీటీలు తర్వాత అరిగిద్దురు గాని" అనేది భార్య.

పదకొండు గంటలకి దర్జీగారి కోడలు వరుసలో ముందుకొచ్చింది. మామగారికి గుండెలో కవాటం మార్చినప్పటి నుంచీ రక్తం పలచబడే మాత్రలు నెలనెలా ఆమే తీసుకెళ్తుంది. కార్డు అందుకుని, అలవాటుగా అడిగాడు.

"పంటికి వాడుతున్నారండీ. ఇంకొక్క రోజుకున్నాయి. మీ దగ్గరే తీసుకున్నారట."

అతని చెయ్యి కార్డు మీదే ఆగిపోయింది. ఆరు రోజుల కిందట, బుగ్గ వాచిన ఒక ముసలాయన. పంటి డాక్టరు చీటీ. అడిగితే, "ఏమీ లేవండీ, భగవంతుడి దయ" అన్నాడు. ఈ కార్డు తాలూకు మనిషిని అంతకుముందు ఏనాడూ చూడలేదు గనక, ఆయనే ఈయనని అతనికి తెలియలేదు.

"ఇప్పుడెలా ఉన్నారమ్మా?"

"చిగుళ్ళలోంచి రక్తం వస్తోంది. పన్ను పీకారు కదా, మామూలేలే అనుకున్నాం. పొద్దుట్నుంచి తలనొప్పంటూ పడుకున్నారు."

అతను కిటికీ తలుపు దించేశాడు. వరుసలో కేకలు లేచాయి. భోజనానికి కూడా గంట కొట్టాక గానీ లేవని మనిషి, చెప్పులు మార్చుకోవడం మరిచి, ఆ అమ్మాయి వెనకాలే పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

దారి పొడుగునా లోపల జరిగేది కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. పాత మాత్రని కాలేయం రోజూ కొంచెం కొంచెంగా విరిచి బయటికి పంపేస్తుంది. పంటి మాత్ర వచ్చి ఆ పనికి అడ్డం కూర్చుంటుంది. నిన్నటిది పోకముందే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. వేసుకునేది ఒక్కటే, ఒంట్లో మాత్రం రెండు, మూడు. రక్తం గడ్డకట్టడం మరిచిపోతుంది.

దర్జీ మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. మోచేతి పైన అరచెయ్యంత నల్లటి మచ్చ. పిలిస్తే కళ్ళు తెరిచాడు, ఒక కన్ను కాస్త ఆలస్యంగా.

"వేరే మాత్రలేమీ లేవన్నారు కదండీ ఆ రోజు!" మంచం మీదికి వంగి అడిగాడు.

"లేవుగా..." నాలుక మడత పడుతోంది. "అదా? అది మందేంటండీ... రోజూ రాత్రి కోడలు చేతిలో పెడుతుంది. మంచినీళ్ళలాగా... వేసుకుంటా."

బండిలో వస్తుండగా రెండుసార్లు వాంతయింది. అత్యవసర గదిలో తలకు స్కాన్ తీశారు. లోపల రక్తం కారుతోంది. విరుగుడు సూది వేశారు, సీసాలు ఎక్కించారు. సూది రక్తానికి బుద్ధి చెప్పడానికి గంటలు పడుతుందని అతనికి తెలుసు. గోడ గడియారం కింద నిలబడి ఆ గంటలు లెక్కపెట్టాడు. దర్జీ కొడుకు ఫ్యాక్టరీ బట్టలతోనే వచ్చాడు.

మందుల విభాగం పెద్దాయన అతన్ని పక్కకి లాగాడు. "నువ్వడిగావు, ఆయన లేవన్నాడు. నీ తప్పేముంది? కాయితం మీద నీ పేరెందుకు? పంటి డాక్టరు చూసుకుంటాడు."

"ఇచ్చింది నేనండీ" అన్నాడు. కేసు కాయితంలో మందు పేరు, రోజు, ఇచ్చిన మనిషి పేరు రాసి సంతకం పెట్టాడు. చాలా ఏళ్ళకి తన పేరు పూర్తిగా రాసుకున్నాడు. తర్వాత కోడలి దగ్గరికెళ్ళి అదే మాట చెప్పాడు.

"మీరు అడిగారు" అందామె. "నేను అదీ అడగలేదు. ఆరు రాత్రులు నా చేత్తోనే ఇచ్చాను."

కొడుకు మాత్రం అతని వైపు చూడకుండా గది కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

ఎండ గోడ దిగుతుండగా దర్జీ పోయాడు. అరుపుల్లేవు, పరుగుల్లేవు. నర్సు మణికట్టు పట్టుకుని, కాసేపు ఉంచి, దుప్పటి మీద జాగ్రత్తగా పెట్టేసింది. అంతే.

అతను వెనక్కొచ్చి కిటికీ తలుపెత్తాడు. అందరూ వెళ్ళిపోయారు. కర్ర పట్టుకున్న ఒక పెద్దాయన మాత్రం ఇంకా బెంచీ మీద ఉన్నాడు. చీటీ అందించి, "ఇంకేం వాడట్లేదు బాబూ" అన్నాడు అడక్కముందే.

"కూర్చోండి" అన్నాడు అతను. "పొద్దున్న లేచాక నోట్లో వేసుకునే మొదటిదేంటో చెప్పండి. ఇంట్లో మీకు చేత్తో పెట్టేవన్నీ చెప్పండి. తొందరేం లేదు."

ఆ పెద్దాయన వేళ్ళు మడుస్తూ గుర్తు తెచ్చుకుంటుండగా, నర్సు వచ్చి ఒక కాయితం పొట్లం కిటికీలో పెట్టింది. దర్జీ చొక్కా మార్చేటప్పుడు జేబులోంచి పడిందట, ఇంటివాళ్ళు వెళ్ళిపోయారట. పొట్లం విప్పితే, బట్ట మీద గుర్తులు పెట్టుకునే నీలం సుద్దముక్క. ఒక అంచు కత్తిలా అరిగింది, రెండో వైపు బొటనవేలు ఆనించిన చోట చిన్న గుంట పడి ఉంది.