తల ఆనిన చోటు

నేను ఒక ఎత్తువీపు టేకు కుర్చీని. పుట్టింది తెనాలిలో, ఎవరి గుమ్మానికో కోయగా మిగిలిన చెక్కతో. మొదట ఒక వకీలు గుమాస్తా నన్నెక్కి ఊరందరి మీదా అధికారం చెలాయించాడు. అసలు వకీలుకే అంత ఠీవి లేదు. తరవాత ఒక భోజనహోటల్లో గల్లాపెట్టె వెనక చాలాకాలం ఉన్నాను. కుర్చీ దొరకగానే మనుషులు తామే పెరిగిపోయామనుకుంటారు. నాకు మాత్రం ఎవరి బరువైనా ఒకటే. హైమవతిది తప్ప.

హోటలు మూతపడ్డాక ఆమె నన్ను తన కుట్టుషాపుకి తెచ్చుకుంది. తోడికోడలు సుభాషిణితో కలిసి జాకెట్లు కుట్టేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక నామీద కూర్చుని, వీధి కనిపించేలా తల కాస్త ఎడమకి వాల్చి, నా వీపుకి ఆనించి కునుకు తీసేది. తలనిండా మందారనూనె. అక్కడ నా వార్నీషు ఏనాడో అరిగిపోయింది కాబట్టి ఆ నూనెంతా నేనే తాగాను.

"అక్కా, నూనె తల ఆనించొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? కుట్టిన పట్టు జాకెట్లు వేసేది ఆ కుర్చీ మీదే కదా!" అని రోజూ కసురుకునేది సుభాషిణి.

"కుర్చీకి లేని బాధ నీకెందుకే?" అనేది హైమవతి, కళ్ళు తెరవకుండానే.

నిజంగానే నాకే బాధా లేదు.

పోయిన వానాకాలంలో జ్వరమొచ్చి హైమవతి పోయింది. సుభాషిణి నన్ను గోడవైపు తిప్పి పెట్టింది. ఎవరూ కూర్చోలేదు. మధ్యాహ్నమయ్యేసరికి నాకు ఆ తల కావాలనిపించేది. ఆ బరువు కోసం ఎంత బెంగపడ్డానో చెప్పలేను.

చివరికి సుభాషిణి పెయింటర్ మస్తాన్‌ని పిలిపించింది. "ఆ మరక చూడలేకపోతున్నా. తెల్లరంగు వేసెయ్," అంది. అతను గరుకు కాగితంతో రుద్ది, పగుళ్ళకి లప్పం పెట్టి, రంగుకి ముందు పూసే ఆయిల్ ప్రైమర్ డబ్బా మూత తీశాడు. సుభాషిణి ముక్కు మూసుకుంది.

"ఈ కంపు బట్టలకి పట్టిందంటే జాకెట్ల వాళ్ళు నన్ను బతకనివ్వరు."

అలా చెక్క అవసరం ఎవరూ అడగకుండానే, పట్టుబట్టల కోసం వాసనలేని నీళ్ళ ప్రైమర్ వేశారు. తెల్లారేసరికి ఆ తెలుపులోంచి మరక పసుప్పచ్చగా పైకొచ్చింది. ఎడమకి వాలిన తల అచ్చంగా అలాగే ఉంది.

"నూనె తాగిన చెక్క గదమ్మా, నీళ్ళ ప్రైమర్ ఆపలేకపోయింది," అన్నాడు మస్తాన్ నొచ్చుకుంటూ. "వరండాలో పెట్టి మరక ఆపే ప్రైమర్ కొడతా. మీ బట్టలకేం కాదు. ఇంక జన్మలో కనపడదు."

నన్ను వరండాలోకి మోశారు. అతను నా కాళ్ళతో మొదలుపెట్టాడు. చేతులయ్యాయి, సీటయింది. బ్రష్షు వీపు మీదికి వస్తుంటే నాకు భయమేసింది. ఆమెది నా దగ్గర మిగిలింది అదొక్కటే. నాకు నోరుంటే ఆ పూట వీధంతా వినబడేలా అరిచేదాన్ని.

సుభాషిణి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. దగ్గరికొచ్చి మరక మీద అరచెయ్యి పెట్టింది.

"ఆగు మస్తానూ. ఇక్కడ వద్దు."

"ఏందమ్మా? ఇక్కడ వెయ్యకపోతే పైన ఎంత రంగేసినా మరక వస్తానే ఉంటది."

"రానీ."

అతను ఆమె మొహం చూసి, బ్రష్షు పక్కకి తిప్పాడు. పైన తెల్లరంగు వేశాడు. అది బాగా ఆరి, నన్ను మళ్ళీ షాపులో పెట్టేనాటికి మరక లేతగా తేలనే తేలింది.

ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాక సుభాషిణి మొదటిసారి నామీద కూర్చుంది. తలకి మందారనూనె దట్టంగా పట్టించుకొచ్చింది. పొట్టి మనిషి కావడంతో తల మరకకి అందలేదు. కాస్త పైకి జరిగి, మెడ సాచి, ఎడమకి వాల్చి ఆనించింది.

"ఇప్పుడు నువ్వు తిట్టు, అక్కా," అంది.