సింకుకు తాగించిన నీళ్ళు

నాలుగేళ్ళ పిల్లకు కన్నతల్లి దగ్గర నిజం దాచడం నేర్పింది మీరు. అక్షరాలు పూర్తిగా రాకముందే అది నేర్పారు. పసిపిల్లల బడి అని బోర్డు కట్టుకున్న యజమానులారా, పిల్లలంటే ప్రాణమని చెప్పుకుని ఉద్యోగంలో చేరిన టీచర్లారా, ఇది మీ మీద మోపుతున్న నేరం. మొహం తిప్పుకోకుండా వినండి.

ఆ పిల్లను ఇంట్లో పిచ్చుక అనేవాళ్ళు. ఒక్కచోట నిలవదు, ఒక్క క్షణం నోరు మూయదు. తల్లి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేస్తుంది. పని దిగి పరుగున బడి గేటు దగ్గరకు వచ్చి, ముందు నీళ్ళ బాటిలు ఊపి చూసేది. ఖాళీ.

"నా బంగారుతల్లే! మొత్తం తాగేశావా?" అని పిల్లను ముద్దులతో ముంచెత్తేది.

పిచ్చుక తలూపేది. ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి పరుగెత్తి గ్లాసు మీద గ్లాసు తాగేది.

"బాటిలంతా తాగొచ్చి మళ్ళీ ఇదేం దాహమే? అది కడుపా, చెరువా?" అని తల్లి నవ్వేది.

ఆ బాటిలు ఎలా ఖాళీ అయ్యేదో ఆ తల్లికి తెలియదు. మీకు తెలుసు.

పొద్దున పిల్లలు రాగానే వాళ్ళ బాటిళ్ళన్నీ లాక్కుని బీరువా మీద పెట్టేవాళ్ళు. గది నిండా పిల్లలు. మరుగుదొడ్డి ఒక్కటే, అదీ వరండా చివర. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళాల్సిన ఆయమ్మను యజమానురాలు గేటు కాయడానికీ, మెట్లు తుడవడానికీ, తన గదిలోకి టీ మోయడానికీ వాడుకునేది. పిల్లలు తాగితే లేస్తారు. లేస్తే తీసుకెళ్ళే మనిషి లేదు. ఆలస్యమైతే నిక్కరు తడుస్తుంది. అందుకని పెద్ద టీచరు ఒక కిటుకు కనిపెట్టింది.

"లోపలికి పోతేనే కదా బయటికొచ్చేది?" అంది, కొత్తగా చేరిన చిన్న టీచరుతో. "అన్నం తిన్నాక తలా రెండు గుక్కలు పట్టించు, చాలు. కానీ బాటిలు నిండుగా ఇంటికెళ్తే తల్లులు మనల్ని పీక్కుతింటారు. బెల్లు కొట్టేముందు సింకులో ఒంపెయ్."

"తప్పు కదక్కా?"

"నిక్కర్లు నువ్వు కడుగుతావా? కడుగుతానంటే చెప్పు తల్లీ, ఇప్పుడే బాటిళ్ళు దించుదాం."

చిన్న టీచరుకు ఉద్యోగం కొత్త, ఇంట్లో తండ్రి మంచం పట్టి ఉన్నాడు. ఒంపింది. మర్నాడూ ఒంపింది. ఆ తర్వాత చెయ్యి దానంతటదే ఒంపేసింది.

ఒకరోజు పిచ్చుక వెనకే వచ్చి నిలబడింది. "టీచర్, సింకుకి కూడా దాహమేస్తుందా?"

చిన్న టీచరు చేతిలోని బాటిలు వెనక్కి దాచింది. పెద్ద టీచరు వచ్చి పిల్ల చేతి మీద ఎర్ర స్టారు అంటించింది. "మన క్లాసు సంగతులు ఇంట్లో చెప్పనివాళ్ళే మంచి పిల్లలు. వాళ్ళకి రోజూ స్టారు. చెప్పావనుకో, ఎగిరిపోతుంది. సరేనా?"

ఈ మాటలో ఎంత విషముందో ఆలోచించండి. రేపు ఏ దుర్మార్గుడో అదే పిల్లను ఓ మూలకు లాగి "అమ్మకు చెప్పకు" అంటే, వాడి పని సగం మీరే చేసిపెట్టారు.

కొన్నాళ్ళకు పిచ్చుక ఉచ్చపోసుకోమంటే ఏడవడం మొదలుపెట్టింది. మంట. ఆ వెనకే వణికించే జ్వరం. ఆసుపత్రిలో చేర్చి సెలైను పెట్టారు.

"నీళ్ళు తాగట్లేదు, మూత్రం వచ్చినా బిగపట్టుకుంటోంది," అన్నాడు డాక్టరు. "ఇన్ఫెక్షను కిడ్నీ దాకా పాకింది."

"లేదండీ, రోజూ బాటిలు ఖాళీ చేసుకొస్తుంది!"

డాక్టరు పిల్ల మీదికి వంగాడు. "నీ బాటిల్లో నీళ్ళు ఎవరు తాగేస్తున్నారమ్మా?"

పిచ్చుక దుప్పటి కింద చెయ్యి దాచుకుంది. "చెప్పను. స్టారు పోతుంది."

తల్లి పిల్లను భర్తకు అప్పగించి తిన్నగా బడికి వెళ్ళింది. యజమానురాలు కుర్చీ చూపించింది. ఆమె కూర్చోలేదు. పిలిపించిన పెద్ద టీచరు తడుముకోకుండా అందుకుంది.

"పిల్లకు నీళ్ళు తాగే అలవాటే చెయ్యలేదమ్మా మీరు. బతిమాలి బామాలి మేమే తాగిస్తున్నాం." తనతోపాటు వచ్చిన చిన్న టీచరు వైపు తిరిగింది. "నువ్వే కదా దగ్గరుండి పట్టించేది? చెప్పు."

అవునంటే ఉద్యోగం నిలుస్తుంది. తప్పు తల్లి మెడకు చుట్టుకుంటుంది.

"నేను పట్టించలేదు," అంది చిన్న టీచరు. "రోజూ సింకులో పారబోశాను. పిల్లలందరివీ."

"నీకేమైనా మతి పోయిందా?" పెద్ద టీచరు ఎగిరిపడింది. "తోటి టీచరును బజారున పడేస్తావా?"

"తోటి టీచరుకు నోరుందక్కా, యజమాని అండ ఉంది. ఆ పిల్లకు ఆ గదిలో మనం తప్ప ఎవరున్నారు? మనల్ని నమ్మి వదిలి వెళ్ళిన పిల్లకంటే మన పరువు ఎక్కువైతే మనం టీచర్లమే కాదు."

తల్లి ఆమె దగ్గరకు నడిచింది. "నీకు దండం పెట్టమంటావా? నా పిల్ల మంచం ఎక్కాక నిజం చెప్పావు. మొదటి రోజు ఈ నోరు ఏమైంది? ఆ ఖాళీ బాటిలు చూసి నేను మురిసిపోయేదాన్ని, తెలుసా!"

 

ఆ సాయంత్రమే చిన్న టీచరును పనిలోంచి తీసేశారు. పెద్ద టీచరు మాత్రం ఆ పిల్లల గదిలోనే కొనసాగింది. మర్నాడు తల్లి గేటు దగ్గర నిలబడి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పింది. "అయ్యో పాపం" అన్నారు. "మావాడు బాగానే ఉన్నాడులే అక్కా, డ్యూటీకి టైమైపోతోంది" అన్నారు. పిల్లల్ని లోపలికి తోసి వెళ్ళిపోయారు. లోపల యజమానురాలు పిల్లలందరి చేతికీ బాటిళ్ళిచ్చి, ఎత్తి పట్టుకోమని ఫోటో తీయించింది. 'మా చిన్నారులు నీళ్ళు బాగా తాగుతారు' అని తల్లిదండ్రుల ఫోన్లకు పంపింది. ఫోటో అయ్యాక బాటిళ్ళు మళ్ళీ బీరువా ఎక్కాయి.

పిచ్చుక ఇంటికొచ్చింది. కిడ్నీకి మచ్చ మిగిలిందో లేదో కొన్ని నెలలాగి పరీక్ష చెయ్యాలన్నారు. ఇప్పుడది మాట్లాడడం తగ్గించింది. గ్లాసు చేతికిస్తే తల్లి మొహంలోకి చూసి "తాగొచ్చా?" అని అడుగుతుంది.

ఇంక విచారాలు, ఓదార్పులు వద్దు. యజమానులారా, గేటుకు వేరే మనిషిని పెట్టుకుని ఆయమ్మను ఇవాళే పిల్లల గదికి పంపండి. తల్లిదండ్రులారా, ఒకపూట పని పోయినా పోనివ్వండి, అందరూ కలిసి వెళ్ళి ఆ గదిలో కూర్చోండి. కూర్చోనివ్వకపోతే పిల్లల్ని చంకనేసుకుని బయటికి రండి. టీచర్లారా, పక్కన తప్పు జరుగుతుంటే మొదటి రోజే నోరు విప్పండి. విప్పలేమంటారా? అయితే ఈ పూటే రాజీనామా రాసిచ్చి, ఆ గది వదిలి నడవండి.