రేకు వెనక వైపు

పొద్దున్న ఆరింటికి ఆశాజ్యోతి పొయ్యి రాజేసేసరికే వీధిలో రెండు మోటారుసైకిళ్లు ఆగి ఉన్నాయి. దిగినవాళ్లు నలుగురు. అందరివీ నల్ల టీషర్టులే, అందరి గుండెల మీదా ఆమె తమ్ముడి బొమ్మే.

"ఎన్ని బాక్సులండి?" అంది ఆశాజ్యోతి, వాళ్లు పూతరేకుల కోసం రాలేదని తెలిసీ.

"ఒకటివ్వండి మేడమ్. ఒక్క మాట అడగొచ్చాండి? దుర్గాసాయిగారు బతికే ఉన్నారు కదా? ఎక్కడున్నారో చెప్పొద్దు. ఊరికే తలాడించండి, చాలు."

ఆమె తల కదపకుండా బాక్సు చేతిలో పెట్టి లోపలికి వచ్చేసింది. ఆ కదపకపోవడాన్ని కూడా వాళ్లు ఫోన్లో తీసుకున్నారు. సాయంత్రానికి దానికో అర్థం పుడుతుంది. రెండేళ్లుగా ఆత్రేయపురంలో ఆమె తుమ్మినా అర్థాలు పుడుతున్నాయి.

దుర్గాసాయి రాజమండ్రిలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు స్నేహితులతో కలిసి రాక్ బ్యాండు పెట్టాడు. పేరు 'పోటు'. సముద్రం పోటెత్తినప్పుడు ఏట్లోకి ఎగదన్నే నీళ్లంటే వాడికి ఇష్టం, అందుకని ఆ పేరు. పాటలు రాసేదీ పాడేదీ వాడు. డ్రమ్స్ వాయించేది కొవ్వూరు సుధాకర్. రెండో ఆల్బమ్ వచ్చిన నెలకి, ఊరికి ఎదురుగా గోదాట్లో ఉన్న లంకలో కూర్చుని కొత్త పాట రాసుకుంటామని ఇద్దరూ వెళ్లారు. మర్నాడు వాడు గోదాట్లో మునిగిపోయాడు. అది వాళ్ల నాన్న తద్దినం రోజు. మూడో నాడు దిగువన దొరికితే, మోకాలి మీద కుట్ల మచ్చ చూసి గుర్తుపట్టింది ఆశాజ్యోతే. తలకొరివి ఆమె భర్త చిట్టియ్య పెట్టాడు.

ఇందులో దాచిందేమీ లేదు. అయినా వాడి అభిమానులు రెండు వర్గాలయ్యారు. తగలబెట్టింది వేరెవరినో, దుర్గాసాయి బతికే ఉన్నాడన్నది ఒక వర్గం. సుధాకరే చంపాడన్నది రెండోది. ఆల్బమ్ అట్ట మీద అందరూ ఎదురుగా చూస్తుంటే సుధాకర్ ఒక్కడూ ఏటి వైపు తిరిగి ఉన్నాడు కదా, అంటారు. పోటు అంటే కత్తిపోటే కదా, అంటారు. అన్నిటికీ మించి, ఆఖరి పాటని వెనకనుంచి ముందుకు వాయిస్తే 'తోసేశాడు, తోసేశాడు' అని దుర్గాసాయి గొంతే చెబుతోందంటారు.

అది కనిపెట్టినవాడు ఉదయ్‌కుమార్. రాజమండ్రిలో ఒక యూట్యూబ్ ఛానల్ నడుపుతాడు. మర్యాదస్తుడు. చెప్పులు వీధిలోనే విప్పి, మంచినీళ్లిచ్చినా రెండు చేతులతో తీసుకుంటాడు. మొదటిసారి అతను వినిపించినప్పుడు ఆశాజ్యోతికి ఏదో గరగర తప్ప మరేమీ వినపడలేదు. "మళ్లీ వినండి మేడమ్. 'తోసేశాడు' అంటున్నారు, చూడండి" అన్నాడు. అంతే. ఇక ఆ తర్వాత ఆమెకి మరోలా వినపడలేదు. బియ్యం నానబోస్తూ, పంచదార దంచుతూ, అదే పెట్టుకుని వినేది.

"ఆ ఫోను అవతల పారెయ్యవే," అన్నాడు ఒకరోజు చిట్టియ్య. "వాడుండగా ఒక్క పాట పూర్తిగా విన్నావా? ఇప్పుడు కూర్చుని వెనకనుంచి వింటున్నావు."

ఆ మాట ఆమెకి తగలాల్సిన చోటే తగిలింది. అమ్మ పోయాక వాణ్ని పెంచింది తనే. వాడి పాట మొదలవగానే, ఆ అరుపులేంట్రా అని తలుపేసుకుందీ తనే. వాడి మీద కోపం ఇంకా పోలేదు. తండ్రి తద్దినం పెట్టుకుని, పంతులుగారిని ఇంట్లో కూర్చోబెట్టుకుని తను ఎదురుచూస్తుంటే, ఈతకి దిగాడు. అదే ఆమెకి మింగుడుపడనిది. దానికన్నా ఎక్కువ కోపం సుధాకర్ మీద. పోలీసులు అడిగినా, ఛానల్ వాళ్లు అడిగినా, తిట్టినా, బెదిరించినా అతను చెప్పేవి మూడే మాటలు. ఈతకి దిగాడు. నేను ఒడ్డునున్నాను. మునిగిపోయాడు. పదకొండో రోజు తర్వాత ఈ గుమ్మంలోకి రాలేదు.

వేసవిలో ఉదయ్‌కుమార్ ఒక కాగితం తెచ్చాడు. "సంతకం పెట్టండి మేడమ్. రక్తసంబంధం ఉన్నవాళ్లు అడిగితే కేసు మళ్లీ తెరుస్తారు. గురువారం వచ్చి తీసుకెళతాను."

అతను వెళ్లాక ఆశాజ్యోతి సుధాకర్‌కి ఫోన్ చేసింది.

"గురువారం మా ఇంటికి రా. పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడాలి."

"వద్దక్కా," అన్నాడు.

"అయితే నీ మీద కాగితానికి సంతకం పెట్టేస్తాను."

"పెట్టెయ్యక్కా."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. "రాకపోతే కుండా పొయ్యీ ఆటోలో వేసుకుని నేనే కొవ్వూరు వస్తాను. ఏమనుకుంటున్నావో!"

పొయ్యి దగ్గరంటే ఏంటో అతనికి తెలుసు. ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఆశాజ్యోతి చేతి రేకు మాటని పట్టుకుంటుంది. బోర్లించిన కుండ మీద పిండిగుడ్డ లాగేటప్పుడు పక్కనున్న మనిషి ఏం మాట్లాడితే అది రేకులో ఉండిపోతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే వినిపిస్తుంది. తిరగేసి, కుండకి అంటిన వైపు పెట్టుకుంటే, ఆ మనిషి చెప్పకుండా మింగిన మాట వినిపిస్తుంది. వాళ్లమ్మ చేతికీ అంతే. నెయ్యి రాసి పంచదార చల్లి మడిస్తే రెండూ పోతాయి గనక అమ్మకానికి ఇబ్బంది లేదు. ఆమె కుండ ముందు ఉన్నంతసేపూ ఇరుగూ పొరుగూ ఎండల గురించే మాట్లాడతారు. సంబంధం ఖాయం చేసుకునే ముందు పెళ్లికొడుకుని తెచ్చి ఓ పది నిమిషాలు కూర్చోబెట్టి వెళ్లేవాళ్లు కూడా ఉన్నారు. ఇన్నాళ్లూ సుధాకర్‌ని పిలవకపోవడానికి కారణం, వస్తే ఏం వినాల్సొస్తుందోనన్న భయమే.

గురువారం పదింటికి వచ్చాడు. చిక్కిపోయి, గెడ్డం పెరిగి, ముప్ఫై ఏళ్లకే పెద్దవాడిలా ఉన్నాడు. అతను డ్రమ్స్ నేర్పే స్కూలు వాళ్లు ఎప్పుడో మానిపించారు. పొయ్యికి ఎదురుగా పీట వేస్తే కూర్చున్నాడు. ఆశాజ్యోతి మంటలోకి కొబ్బరాకు తోసి, పల్చటి పిండిలో గుడ్డ ముంచింది.

"చెప్పు. ఆరోజు ఏమైంది?"

"ఈతకి దిగాడక్కా. నేను ఒడ్డునున్నాను. మునిగిపోయాడు."

ఆమె గుడ్డ లాగింది. రేకు తెల్లగా లేచింది. దాన్ని రెండు వేళ్లతో ఊడదీసి చెవి దగ్గర పెట్టుకుంది. అవే మూడు మాటలు. తిరగెయ్యబోతుంటే సుధాకర్ లేచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దక్కా. నీ కాళ్లు పట్టుకుంటాను. జైలుకైనా పోతాను గానీ అది వినకు."

"వదులు," అంది ఆశాజ్యోతి. అతను వదిలేశాడు.

రేకు అవతలి వైపు సుధాకర్ గొంతే, కానీ రెండేళ్ల కిందటిది, వగరుస్తున్నట్టుంది. "నువ్వు ఫోన్ చేశావక్కా. పన్నెండు లోపల రాకపోతే పంతులుగారు లేచిపోతారు, ఇక నా గడప తొక్కొద్దు అన్నావు. పడవ అవతలి ఒడ్డునుంది. ఇద్దరం అరిచాం. పడవవాడికి వినపడలేదు. ఈదేస్తానన్నాడు. చొక్కా పట్టుకుని ఆపాను. వదల్రా, ఈసారన్నా అక్క మాట నిలబెట్టాలి అన్నాడు. సగం దాకా వచ్చాడక్కా. ఈ సంగతి నీకెలా చెప్పను?"

ఆశాజ్యోతి కుండ మీద చెయ్యి పెట్టేసింది. కాలిందన్న సంగతి సుధాకర్ చెయ్యి లాగేవరకూ తెలియలేదు. ఫోన్ చేసిన మాట నిజమే. పదకొండున్నరకి చేసింది. తిట్టి పెట్టేసింది. వాడు ఎప్పుడూ లెక్కచెయ్యనట్టే అప్పుడూ లెక్కచెయ్యలేదనుకుంది. రెండేళ్లూ అలాగే అనుకుంది. వాడు తన దగ్గరికే వస్తున్నాడని ఒక్కసారి కూడా తోచలేదు.

"ఎందుకు దాచావురా?"

"నన్ను అంటున్నవాళ్లు ఎవరో ఏంటో నాకు తెలియదక్కా. ఎన్నైనా పడతాను. నిన్ను నువ్వు అనుకోవడం మొదలెడితే ఎవరాపుతారు?"

ఆమె ఏడుస్తూనే కొట్టింది, వీపు మీద, భుజం మీద, ఎక్కడ తగిలితే అక్కడ. అతను తల వంచుకుని కూర్చున్నాడు. చేతులు నొప్పెట్టాక ఆగి, కాలిన చెయ్యి నీళ్లలో ముంచుకుంది.

గుమ్మంలో ఉదయ్‌కుమార్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, చెప్పులు విప్పే ఉన్నాయి.

"లోపలికి రండి," అంది ఆశాజ్యోతి. రేకు అతని చెవికి ఆనించింది. అతను రెండు వైపులా విన్నాడు. "ఇది ఫోన్లో రికార్డవదు కదండీ," అన్నాడు. అవదని అతనికీ తెలుసు. రేకు గొంతు చెవికి తప్ప దేనికీ అందదు.

"రేకుదెందుకు? నేను చెబుతాను, నన్ను తియ్యండి."

"మేడమ్, ఇది బయటికొస్తే మిమ్మల్ని బతకనివ్వరండి."

"ఇప్పుడు వీణ్ని బతకనిస్తున్నారా? తియ్యండి."

ఆమె మొహం కడుక్కోలేదు. ఫోన్ వైపు చూసి ఉన్నదున్నట్టు చెప్పింది. తోసినవాడు లేడు. తొందరపెట్టింది తను. ఈది వస్తున్నవాడు మునిగిపోయాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఉదయ్‌కుమార్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తనే పొయ్యిలో వేశాడు.

వీడియో వచ్చిన రోజే ఆమె మాటల్ని కూడా వెనకనుంచి వాయించారు. సుధాకర్ ఏదో ఎర చూపి చెప్పించాడని ఒకరు, చెప్పింది అసలు ఆశాజ్యోతి కాదు, ఆమెలా ఉన్న మరొకావిడ అని ఇంకొకరు. చిట్టియ్య చదివి వినిపిస్తుంటే ఆమెకి మొదటిసారి నవ్వొచ్చింది, ఆ వెంటనే విసుగు ముంచుకొచ్చింది. ఎంత చెప్పినా ఇంతే. కూర్చుని చెబితే లాభం లేదనుకుంది.

ఆదివారం బొబ్బర్లంక దాకా ఆటోలో వెళ్లి, బ్యారేజి దాటి, విజ్జేశ్వరం మీదుగా కొవ్వూరు చేరింది. సుధాకర్ ఇంటికి రావడం అదే మొదలు. ప్రహరీగోడ మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎర్ర రంగుతో 'హంతకుడు' అని ఉంది. ఎండకి వెలిసింది గానీ పోలేదు. ఎవరో కొన్ని నెలలకోసారి మళ్లీ దిద్దుతున్నారన్నాడు సుధాకర్.

ఆమె కొట్టునించి సున్నం తెప్పించి, బకెట్లో కలిపి, కొంగు బిగించింది. సుధాకర్ వారిస్తూ వెనకాలే తిరిగాడు. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూశారు. ఆమె ఎవరో వాళ్లకి తెలుసు. టీవీలో, ఫోన్లలో చూసినవాళ్లే. చనిపోయినవాడి అక్క, చంపాడన్నవాడి గోడకి సున్నం వేస్తోంది.

ఒక పూతకి అక్షరాలు పోలేదు. రెండో పూతకి పల్చబడ్డాయి. మూడోది వేస్తుంటే పై వరస అందక ఆమె మునివేళ్ల మీద లేచింది.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. రెండేళ్లుగా సుధాకర్‌తో గానీ వాళ్లమ్మతో గానీ మాట్లాడని వీరవెంకటసత్యనారాయణగారు కర్ర స్టూలు మోసుకుంటూ రోడ్డు దాటి వచ్చారు. దాన్ని గోడ పక్కన వేసి, ఊగకుండా చూసి, ఒక చేత్తో పట్టుకున్నారు.

"ఎక్కండమ్మా, పట్టుకుంటాను," అన్నారు. తర్వాత సుధాకర్ వైపు తిరిగి, "అలా నిలబడ్డావేంటయ్యా? ఆ బకెట్టు అందుకో," అన్నారు.