ఐదుకు ఐదు, తొమ్మిదికి తొమ్మిది

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. మొగుడు ఏదో ఒక ఆదివారం కొండ మీద నుంచి జారిపడతాడు, ఆ కబురు లోకమంతా చుట్టి ఆఖరున తన దగ్గరికి వస్తుంది. పడడం సరే, ఆఖరున తెలియడం ఉందే, అదీ గుండెలో ముల్లు.

అతను లిఫ్టు మెకానిక్. వారంలో ఆరు రోజులు జనం మెట్లెక్కే అవసరం లేకుండా చూడడమే అతని ఉద్యోగం. ఏడో రోజు మాత్రం రేడియో, బ్యాటరీ, ఒక చుట్ట తీగ సంచీలో వేసుకుని, గాలం కర్రలా పొడుగ్గా సాగే కర్ర ఒకటి పట్టుకుని, మెట్లే లేని కొండ ఎక్కుతాడు. శిఖరం మీద కర్ర నిలబెట్టి, దానికి తీగ కట్టి, తనలాగే రేడియోలో మాట్లాడుకునే సరదా ఉన్న ముక్కూ మొహం తెలియని వాళ్ళను పిలుస్తాడు. కనీసం నలుగురు బదులు పలికితేనే ఆ కొండ లెక్కలోకి వస్తుంది. ముగ్గురే పలికితే ఎక్కినా ఎక్కనట్టే. ఇన్ని కొండలు ఎక్కితే ఏమిస్తారని ఆమె అత్తగారు ఒకసారి అడిగింది. సర్టిఫికెట్ కాగితం ఇస్తారన్నాడు. కాగితానికి కొండెందుకురా, పుస్తకాల కొట్టు కింద వీధిలోనే ఉందిగా అని ఆవిడ మళ్ళీ మనవరాలి ఉయ్యాల ఊపసాగింది.

ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు గానీ ఆమెకు బుర్రకేం తక్కువ లేదు. కొండ మీద ఫోను అందకపోతే పోయె, ఇంట్లోనూ ఒక రేడియో పెడితే నేను వింటాగా అంది. పెట్టాడు. ఆ ఆదివారమంతా పాపను చంకనేసుకుని చెవి ఆనించి కూర్చుంటే గరగర తప్ప ఒక్క ముక్క వినిపించలేదు. సాయంత్రం అతను తాపీగా విడమరిచాడు. కొండ మీద నుంచి పోయే తరంగం పైకెళ్ళి ఆకాశానికి తగిలి, నాలుగైదు వందల మైళ్ళ అవతల దిగుతుందట. దగ్గరున్న వాళ్ళ నెత్తి మీద నుంచి దాటిపోతుందట.

“వాడు చిన్నప్పటి నుంచీ అంతేనమ్మా,” అంది అత్తగారు. “ఇంట్లో వాళ్ళకి తప్ప అందరికీ వినబడతాడు.”

ఆ తరంగం దిగే చోట ఒక పెద్దాయన ఉండేవాడు. కొట్లలో త్రాసులూ తూకపు రాళ్ళూ తనిఖీ చేసి రిటైరైన ఇన్‌స్పెక్టరు. భార్య పోయింది, పిల్లలు లేరు. మేడ మీద ఒక గది, గదిలో ఒక రేడియో. ఏ కొండ మీద నుంచి పిలిచినా ఆయనకు వినబడేది. ఇంటి పోరు పడలేక అతను భార్య నంబరు ఆయనకిచ్చి, నేను బతికే ఉన్నానని మా ఇంట్లో ఒక మాట చెప్పండి బాబూ అని బతిమాలుకున్నాడు. ఆ విధంగా పక్క కొండ మీది మొగుడి క్షేమం ఆమెకు వందల మైళ్ళ అవతలి నుంచి రావడం మొదలైంది.

రేడియో వాళ్ళలో ఒక పద్ధతుంది. ఎదుటివాడి మాట ఎలా వినిపించిందో మార్కులు వేసి చెప్పాలి. స్పష్టతకు ఐదుకెన్ని, బలానికి తొమ్మిదికెన్ని. పోనుపోను అది మర్యాద కింద దిగజారి, ముక్క అర్థం కాకపోయినా అందరూ అందరికీ ఐదు-తొమ్మిది వేసేస్తున్నారు. పెద్దాయన ఒక్కడే వేసేవాడు కాదు. దొంగ తూకాలు పట్టిన చెయ్యి మరి.

“అమ్మాయ్, మీవాడు ఎక్కాడు. నాలుగు-ఐదు. రొప్పుతున్నాడు, మంచినీళ్ళు తాగమన్నాను,” అనేవాడు ఫోనులో. ఆమె దాన్ని క్యాలెండరు మీద పాప బరువు పక్కన, టీకా తేదీల పక్కన రాసుకునేది. పాప బరువు చెబితే, ఆ ఆసుపత్రి త్రాసును ఎప్పుడు సరిచూశారో కనుక్కున్నావా అనేవాడు. అందరూ నిండు మార్కులు వేస్తుంటే మీకెందుకంత పిసినారితనం బాబాయిగారూ అని ఒకరోజు అడిగేసింది.

“ఊరికే ఐదు-తొమ్మిది వేసేశాడంటే, వాడు వినడం మానేశాడని అర్థం, అమ్మాయ్.”

ఇరవై ఏడు కొండలు ఎక్కి దిగినా మొగుడికి గీత కూడా పడలేదు. పడిందల్లా ఒక్కసారే, వంటింట్లో బల్బు మారుస్తూ ముక్కాలి పీట మీద నుంచి.

ఇరవై ఎనిమిదో కొండ రోజు వాన. పదకొండింటికి ఫోను మోగింది. “ఎక్కాడమ్మా. ఐదు-తొమ్మిది.” అంతే, పెట్టేశాడు. పాప బరువు అడగలేదు. ఆమెకు అది తట్టలేదు. నిండు మార్కులు పెద్ద అక్షరాలతో రాసి కింద రెండు గీతలు గీసింది. ఇన్నాళ్ళకు మీ అబ్బాయి ఫస్టు క్లాసులో పాసయ్యాడు అత్తయ్యా అని చెప్పింది కూడా.

సాయంత్రం అతను తడిసి ముద్దై వచ్చాడు. గాలికి కర్ర విరిగిందట, సగం తీగ నేల మీదే పడి ఉందట, బ్యాటరీ నీరసించిందట. ముగ్గురు మాత్రం కిందా మీదా పడి అందుకున్నారట. నాలుగోవాడు పెద్దాయన. ఆయనొచ్చి ఐదు-తొమ్మిది వేశాడు, కొండ దక్కింది అని టీ తాగుతూ మురిసిపోయాడు.

ఆమె గరిటె పక్కన పెట్టింది. “కర్ర విరిగాక ఐదు-తొమ్మిదా?”

“ముచ్చటపడి వేశాడే.”

“ఆయన ముచ్చటపడరు.”

వెంటనే ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. మూడో రోజుకు మోగడం కూడా మానేసింది. అతను రేడియో స్నేహితులను వాకబు చేస్తే, ఆయన ఈ మధ్య మాకూ ఐదు-తొమ్మిదే వేశాడు, ఎంత మెత్తబడ్డాడో అని వాళ్ళు సంబరపడ్డారు. ఆయన రేడియో లైసెన్సులో ఉన్న చిరునామా ఉద్యోగంలో ఉన్నప్పటి క్వార్టర్సుది. ఆ ఊరి పోలీసులకు ఫోను చేస్తే, ఆయన మీకేమవుతారని అడిగారు.

వచ్చిన ఆదివారం ఆమే తెల్లవారకముందే మొగుణ్ణి లేపి, బ్యాటరీ తుడిచి సంచీలో పెట్టి, కొత్త కర్ర చేతికిచ్చి కొండకు తోలింది. కొండ మీద నుంచి అయితేనే మాట అక్కడ దిగుతుంది కదా. మూడు గంటలు పిలిచాడు. పదకొండు మంది పలికారు, పదకొండు మందీ ఐదు-తొమ్మిది వేశారు. పెద్దాయన పలకలేదు. అతను చీకటి పడుతుండగా ఇల్లు చేరాడు. మొగుడు జారిపడతాడేమోనన్న సంగతే ఆ పొద్దంతా ఆమెకు గుర్తు రాలేదు.

ఆయన ఫోను వచ్చి ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. ఆఖరున తెలుస్తుందని భయపడే మనిషికి ఈసారి అందరికన్నా ముందు తెలిసింది, చెబితే పట్టించుకునే నాథుడు లేడు. ఆమెకు తెలిసినవల్లా ఫోనులో విన్నవే. ఎదురుగా బడి ఉంది, గంట వినబడేది. గది చేరడానికి ఇరుకు మెట్లు. కిటికీలో ఇత్తడి త్రాసు. డాబా మీద నీళ్ళ ట్యాంకు నుంచి ఒక రాగి తీగ.

మీ వీధిలో అలాంటి గది ఉంటే, ఒక్కసారి ఆ మెట్లెక్కి తలుపు తట్టండి. మెల్లగా కాదు, గట్టిగా. ఎలా ఉన్నారని అడగండి. ఏ మూడు-నాలుగో అని గొణిగితే ఫరవాలేదు, వచ్చేయండి. ఐదు-తొమ్మిది అన్నాడంటే మాత్రం గడప దగ్గర ఆగొద్దు, లోపలికెళ్ళి చూడండి.