తొమ్మిదో మంచం తాలూకు

"ఆరో మంచం తాలూకూ!"

ఆ కేక వరండా చివరిదాకా వెళ్ళి, గోడకి గుద్దుకుని, మళ్ళీ అతని దగ్గరికే వచ్చింది. బెంచీ మీద కునికిపాట్లు పడుతున్న ముగ్గురు ఒక్కసారి లేచి నిలబడ్డారు. వాళ్ళలో ఒక్కడే ఆరో మంచం తాలూకు. మిగతా ఇద్దరూ ఉలిక్కిపడి లేచినవాళ్ళు.

"మీరు కూచోండి. మీ వంతు వచ్చినప్పుడు మిమ్మల్నీ భయపెడతా," అన్నాడతను.

ఆస్పత్రిలో అతన్ని అందరూ మైకు అంటారు. గోడకి అసలు మైకొకటి ఉండేది. పదేళ్ళ కిందట దాని గొంతు పోతే, బాగుచేయించడానికి బద్ధకించి ఇతన్ని నిలబెట్టారు. కరెంటు పోయినా ఇతని గొంతు పోదు గనక ఆ పాతదాని ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మనిషి పొట్టి, మెడ ఇంకా పొట్టి. అంత గొంతు ఎక్కడ దాచుకుంటాడో డాక్టర్లకే అంతుబట్టలేదు. యాభై ఒకటో ఏడు నడుస్తోంది. ఖాకీ చొక్కాకి పొట్ట మీదున్న బొత్తాం ఎప్పుడు చూసినా ప్రాణాపాయ స్థితిలో ఉంటుంది.

మగవాళ్ళ వార్డులో పన్నెండు మంచాలు. దుప్పట్లు మార్చడం, నేల తుడవడం, ఎప్పుడూ ఎడమకే లాగే చక్రాల బండి మీద మనుషుల్ని ఎక్స్‌రేకి తోసుకెళ్ళడం, ఇవీ అతని పనులు. కానీ అసలు పని పిలవడం. రోగి తరఫు మనిషిని ఇక్కడ తాలూకు అంటారు. పేర్లూ ఇంటిపేర్లూ గేటు దగ్గరే ఆగిపోతాయి. లోపల మంచానికో నంబరు, నంబరుకో తాలూకు. "తాలూకు ఒక్కడుంటే చాలు, జిల్లా అంతా మనదే," అంటాడు మైకు, వారానికోసారైనా, కొత్త జోకులా.

పిలవడానికో పద్ధతుంది. మొదట వరండాలో, తర్వాత మెట్ల కింద, చివర గేటు దగ్గర. మూడుచోట్లా ఎవరూ పలక్కపోతే వార్డు పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా 'తాలూకు లేరు' అని రాసి సంతకం పెట్టాలి. అలా రాసిన ప్రతిసారీ అతను వార్డు మధ్య నిలబడి లోకాన్ని కడిగేసేవాడు. "రక్తసంబంధమట రక్తసంబంధం! రక్తం కావాలనగానే సంబంధం లేచి బస్సెక్కుతుంది. చుట్టాలు చుట్టూ ఉంటారనుకుంటాం. చుట్ట కాల్చుకోడానికని బయటికి పోయిన చుట్టం మళ్ళీ కనపడితే ఒట్టు." మంచాల మీదివాళ్ళు కుట్లు నొప్పెడుతున్నా పట్టుకుని నవ్వేవారు.

"మైకూ, తొమ్మిదో మంచం," అంది సిస్టరు, మందుల ట్రే సర్దుకుంటూ. ఏ సంబంధమూ లేకుండానే వార్డంతటికీ తోబుట్టువైన మనిషి ఆవిడొక్కతే. "రాత్రి నువ్వు దిగిపోయాక ఎవరో తీసుకొచ్చి దింపి వెళ్ళారు. రోడ్డు పక్కన పడున్నాడట. ఊపిరితిత్తులు పూర్తిగా పోయాయి. ఇవాళో రేపో అంటున్నారు డాక్టరుగారు. పక్కన ఎవరైనా ఉంటే బావుంటుంది, పిలువు."

అతను తొమ్మిదో మంచం వైపు చూశాడు.

చెంప కింద అరచెయ్యి పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడొక ముసలాయన. గడ్డం తెల్లగా, పొట్టిగా, ఉప్పు చల్లినట్టుంది. రెండో చెయ్యి దుప్పటి మీద ఉంది. దాని చూపుడువేలు మొదటి కణుపు దగ్గర వంగిపోయి, మరి తిన్నగా కాలేదు. పైపులు బిగించే పానా జారి ఆ వేలు అలా అయిన రోజు, పక్కనే కూచుని ఏడ్చిన పదేళ్ళ పిల్లాడు ఇప్పుడు ఖాకీ చొక్కాలో నిలబడి ఉన్నాడు.

అన్నయ్య.

అమ్మా నాన్నా ఒక్క ఏడాదిలో పోతే, తనకన్నా పన్నెండేళ్ళు పెద్దవాడు అమ్మై, నాన్నై, వంటమనిషై పెంచాడు. కొళాయిలు బిగించే మేస్త్రి. ఎందుకు పుట్టిందో ఆ బుద్ధి, కొత్తగా కట్టిన ఇళ్ళలో తను బిగించిన కొళాయిలే ఊడదీశాడొకసారి. పదిహేడు కొళాయిలు గోనెసంచిలో వేసుకుని సైకిలు తొక్కుతుంటే, ప్రతి గతుకులోనూ ఆ సంచి ఘల్లుఘల్లుమని వీధి వీధికీ చాటింపు వేసింది. మూడు నెలలు జైలు. దొంగతనమైనా కాస్త పరువైనది చెయ్యకూడదా! ఊరు భయపడలేదు, నవ్వింది. తమ్ముడు వీధిలోకొస్తే పిల్లలు నోటితో నీళ్ళు కారే చప్పుడు చేసేవాళ్ళు. 'కొళాయి తమ్ముడు' అని పేరు. అప్పటిదాకా ఎవరూ వినని అతని గొంతు, ఆ పిల్లల మీద అరిచి అరిచే ఇంత పెద్దదైంది.

అందుకే ఊరు మారాడు. పిల్లనిచ్చేవాళ్ళు అడిగితే, "నాకెవరూ లేరండి," అన్నాడు. చిన్న మాట. చెప్పడం ఎంత తేలికో! పెళ్ళిరోజున, ఎలా తెలిసిందో, ఇస్త్రీ మడతలు నలగని కొత్త చొక్కా వేసుకుని అన్నయ్య హాలు గుమ్మంలో నిలబడ్డాడు. "ఎవరీయన?" అని మావగారు అడిగారు. పెళ్ళికొడుకు నోట్లోంచి, ఆలోచించే లోపే, వచ్చేసింది: "కొళాయిలు బాగుచేసే మనిషి. వెనకాల ఒకటి కారుతోందన్నారుగా." అన్నయ్య తమ్ముడి మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, వెనక్కి వెళ్ళి, ఆ కొళాయి బాగుచేసి, పెరటి దారినే వెళ్ళిపోయాడు. భోజనం కూడా చెయ్యలేదు. పద్దెనిమిదేళ్ళయింది.

"పెద్దాయనా," సిస్టరు వంగి భుజం తట్టింది. "మీకెవరున్నారు?"

ముసలాయన కళ్ళు తెరిచి ఇటు తిరిగాడు. ముందు ఆవిణ్ణి చూశాడు. తర్వాత ఆవిడ వెనకున్న ఖాకీ చొక్కాని, దాని పైనున్న పొట్టి మెడని. సెలైను గొట్టంలో ఒక చుక్క పడింది. ఇంకోటి పడింది.

"ఎవరూ లేరమ్మా."

"అలా అనకండి. ఎవరో ఒకరుంటారు. వెళ్ళి పిలువు మైకూ."

అతను గుమ్మం దాటుతుంటే వెనకనించి పీలగా వినపడింది. "గట్టిగా పిలు బాబూ. బాగా దూరంగా ఉన్నట్టున్నారు."

కాలికి కట్టుతో ఉన్న పదో మంచం పగలబడి నవ్వింది. "ముసలాయన భలేవాడే! మైకుకే మైకు పెడుతున్నాడు!"

వరండాలో నిలబడ్డాడు. "తొమ్మిదో మంచం తాలూకూ!" బెంచీ మీదివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మెట్ల కింద పిలిచాడు. అక్కడ పాత మంచాలూ ఒక పిల్లీ ఉన్నాయి. పిల్లి మాత్రం తల తిప్పి చూసింది. గేటు దగ్గరికి నడిచాడు. మూడోసారి పిలిచేటప్పుడు గొంతు జీరపోయింది. టీ కొట్టువాడు తల బయటికి పెట్టి, "ఏంటి మైకూ, బ్యాటరీ అయిపోయిందా?" అన్నాడు.

సమాధానం చెప్పబోతుండగా భార్య వచ్చింది, సంచిలో భోజనం క్యారియరుతో.

స్టోరుగదిలో, దుప్పట్ల కట్టల మధ్య కూచుని తింటుంటే ఆవిడ చెబుతూనే ఉంది. "మీ కూతురికి బడిలో కుటుంబం బొమ్మ గియ్యమన్నారట. చెట్టులాగ. మా వైపు మావయ్యలూ పిన్నులూ వేలాడుతున్నారు, కొమ్మ విరిగేలా. మీ వైపు ఒట్టి కొమ్మ. టీచరు ఇదేమిటని అడిగితే, 'మా నాన్న విత్తనం లేకుండా మొలిచాడండి' అందట. అచ్చం మీ నోరే."

అతను తల వంచుకుని ముద్ద కలుపుకున్నాడు.

"పొద్దుట్నుంచీ ఒకటే బట్టీ. సమాజంలో మొదటి సంస్థ కుటుంబం, సమాజంలో మొదటి సంస్థ కుటుంబం అని. చెవులు చిల్లులు పడ్డాయి. దానికి మీరేదో ఒకటి అంటారని దారంతా ఎదురుచూస్తూ వచ్చాను."

మామూలుగా అయితే 'సంస్థ అయితే ఆదివారమైనా సెలవుండాలిగా' అనేవాడు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ముద్దతో పాటు మింగేశాడు.

"ఒంట్లో బాలేదా ఏంటి?"

"బానే ఉంది."

క్యారియరు కడుక్కుని వెళ్తూ వెళ్తూ ఆవిడ వార్డులోకి తొంగిచూసింది. "ఆ తెల్లగడ్డం ఆయనకి ఎవరూ రాలేదా?"

"లేరట."

"పాపం," అంది. "మీలాగే." అని, తొమ్మిదో మంచం దగ్గరికి వెళ్ళి, జారిపోయిన దుప్పటి ఆయన పాదాల మీదికి లాగి కప్పింది. ఆయన ఆవిణ్ణి చూసి నవ్వాడు. ఆవిడా నవ్వింది. అతను గుమ్మం పక్కన, చీపురుకట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు.

రెండున్నరకి ఒళ్ళు తుడిచే వేళ. బేసినులో వేడినీళ్ళూ గుడ్డా తీసుకుని ఒకటో మంచం నించి మొదలుపెట్టాడు. ప్రతిరోజూ అరగంటలో అయ్యే పని ఇవాళ గంట దాటినా తెమల్లేదు. తొమ్మిదో మంచం దగ్గరకొచ్చేసరికి నీళ్ళు చల్లారిపోయాయి. వెళ్ళి మళ్ళీ వేడినీళ్ళు తెచ్చాడు. మొహం తుడిచాడు. చెవుల వెనక తుడిచాడు. వంగిన వేలుని గుడ్డలో చుట్టి కాసేపలాగే పట్టుకున్నాడు. పదో మంచం గురకపెడుతోంది.

"మంచి పిల్ల," అన్నాడు ముసలాయన, పెదాలు కదలకుండా. "నవ్వుతుంది."

"ఊఁ."

"పిల్లలు?"

"ఒక అమ్మాయి. పద్నాలుగేళ్ళు."

"ఎవరి పోలిక?"

అతను గుడ్డ పిండాడు. పిండిన గుడ్డనే మళ్ళీ పిండాడు. "దవడ... మనదే."

మన అనే మాట నోట్లోంచి వచ్చాక భయమేసి అటూ ఇటూ చూశాడు. అది చూసి అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు.

"నేనెవరితోనూ అననులేరా."

అతను గుడ్డ బేసినులో వేశాడు. ఏడవడానికి కూడా ఇక్కడ ఒక సంబంధం కావాలి. ఖాకీ చొక్కా వేసుకున్నవాడు ఏ మంచం దగ్గర ఏడుస్తాడు? "అయిదున్నరకి డ్యూటీ దిగుతాను," అన్నాడు గొణుగుతూ. "దిగి, చొక్కా మార్చుకుని వస్తాను. పక్కన కూచుంటాను. అందరికీ చెబుతాను."

"దిగాకే రా. తొందరేముంది."

అయిదింటికి ఎక్స్‌రే నించి నాలుగో మంచాన్ని తోసుకొస్తున్నాడు. బండి ఎడమకి లాగుతోంది. తొమ్మిదో మంచం చుట్టూ పచ్చ తెర కట్టి ఉంది. తెర అంచు కింద సిస్టరు తెల్లచెప్పులు, డాక్టరుగారి నల్ల బూట్లు. ఆ బూట్లు తొందర లేకుండా బయటికి నడిచాయి.

"ఇప్పుడే," అంది సిస్టరు. "ఇబ్బంది పడలేదు. నిద్రలోనే." పుస్తకం తీసింది. "పొద్దున మూడుసార్లూ పిలిచావు కదా? తాలూకు లేరని రాసెయ్యి. మునిసిపాలిటీకి కబురు పెడదాం."

అతను కలం తీసుకున్నాడు. గడిలో నిబ్బు ఆనించాడు. పదేళ్ళుగా రాసిన మాట, కళ్ళు మూసుకున్నా వచ్చే మాట, రాలేదు.

"నేను తీసుకెళ్తాను సిస్టరమ్మా," అన్నాడు. "చెయ్యాల్సింది నేను చేస్తాను."

"నువ్వా?" ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. పదో మంచం లేచి కూచుంది. ఆరో మంచం తాలూకు చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "విన్నారా! ఏమీ కానివాడికి! సొంతవాళ్ళే రాని రోజుల్లో... ఎంత మంచి మనసయ్యా నీది!" అంటూ సిస్టరు కళ్ళొత్తుకుంది. గుమ్మం దాకా వెళ్ళిన డాక్టరుగారు వెనక్కొచ్చి అతని చెయ్యి పట్టుకుని ఊపారు. "మనిషంటే నువ్వోయ్," అన్నారు. వార్డంతా అతని వైపే చూస్తోంది. ఎవరో మెల్లగా చప్పట్లు కొట్టారు.

సిస్టరు కలం అందుకుని గడులు నింపింది. "సంబంధం అన్నచోట ఏం రాయమంటావు?"

అతను నోరు తెరిచాడు. గేటు అవతల గ్లాసుల్ని కదిలించే ఆ గొంతు పళ్ళ దాకా కూడా రాలేదు. వార్డు ఎదురుచూసింది. సిస్టరు ఒక్క నిమిషం ఆగి, అతని మొహం చూసి, జాలితో మాట రావడం లేదనుకుని, తనే గుండ్రటి అక్షరాలతో రాసేసింది: 'ఆస్పత్రి సిబ్బంది'.

అతను దాని కింద సంతకం పెట్టాడు.

"అన్నట్టు, ఆయన్ని దింపినవాళ్ళు ఆయన సామాను కూడా ఇచ్చి వెళ్ళారు. మరి నువ్వే తీసుకో," అంటూ ఆవిడ తలుపు వెనక్కి చూపించింది.

అక్కడ గోడకి ఆనించి ఒక నల్ల గొడుగు ఉంది. విరిగిన రెండు ఊచలకి దారం చుట్టి, పట్టీ బొత్తాం పెట్టి, చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణి లోపలికి పిలిచేదాకా గుమ్మంలోనే ఉంచినట్టు, ఒద్దికగా నిలబడి ఉంది.