బొటనవేలంత రబ్బరు టోపీ

కోడలుగారికి లైసెన్సు వచ్చిన మర్నాడే కారుకు జబ్బు చేసింది.

ముప్పై ఏళ్ళ నాటి మీగడ రంగు కారు. పోయిన భార్య ముచ్చటపడి కొనిపించిన బండి కాబట్టి ఇంటి పెద్దాయన దాన్ని అమ్మనివ్వడు. పంతొమ్మిదేళ్ళుగా దాన్ని నడుపుతున్నది డ్రైవరొక్కడే. గ్యారేజీ మీద గదిలో భార్యతో అతని కాపురం. ఇకమీదట కోడలుగారే కాలేజీకి నడుపుకుంటూ వెళ్ళిపోతే, డ్రైవరెందుకు? గదెందుకు? ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. డ్రైవరే అనుకున్నాడు. అనుకున్న సాయంత్రమే ఉపాయం కూడా దొరికింది.

ఇంజను గాలి పీల్చే గొట్టానికి పక్కగా ఒక చిన్న ముక్కు ఉంటుంది. ఈ కారులో దానితో పనిలేదు కాబట్టి బొటనవేలంత రబ్బరు టోపీ తొడిగి మూసేశారు. ఆ టోపీ పీకేస్తే ఇంజను అక్కర్లేని గాలి మింగుతుంది. పెట్రోలు చాలదు. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజను స్టార్టవదు. ఎలాగో అయినా నిలకడగా ఆడదు, చలిజ్వరం వచ్చినట్టు వణికి ఆగిపోతుంది.

డ్రైవరు టోపీ పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు.

మర్నాడు ఎనిమిదింటికి కోడలుగారు కొత్త చెప్పులతో వచ్చి సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజను దగ్గింది, వణికింది, ఆగింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఆగింది. పక్కింటి వాళ్ళు గోడ మీదుగా తొంగి చూశారు. వరండాలో పెద్దాయన పడీపడీ నవ్వాడు.

"పతివ్రతమ్మా నా కారు! పరాయి చెయ్యి తగిలితే ఊరుకోదు."

డ్రైవరు బానెట్ ఎత్తి, వీపు అడ్డం పెట్టి, ఏదో గొణుగుతున్నట్టు పెదాలు కదిపి టోపీ తొడిగాడు. తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది.

"దానికి ఆడవాళ్ళ కాలు పడదమ్మగారూ," అన్నాడు వినయంగా.

నెల రోజులు ఇదే తంతు. ముగ్గురు మెకానిక్కులు వచ్చారు. వాళ్ళు వచ్చేసరికి టోపీ దాని చోట ఉండేది, కారు బుద్ధిగా ఆడేది. "బండికేం లేదమ్మా, మీరే సరిగ్గా తిప్పట్లేదేమో" అని ముగ్గురూ ముక్తకంఠంతో చెప్పి పోయారు. మూడోవాడు వెళ్ళాక కోడలుగారు స్టీరింగు మీద తలపెట్టి ఏడ్చింది. డ్రైవరు అద్దం తుడుస్తూ తనివితీరా చూశాడు.

డ్రైవరు భార్యకు మాత్రం మనసు ఆగలేదు. ఆమెకు ఉబ్బసం. రెండుసార్లు ఊపిరాడక కొట్టుకుంటే, ఇదే కారు వెనక సీట్లో తల ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది కోడలుగారే.

"పాపం, ఆవిడకి ఆ కిటుకేదో నేర్పకూడదూ?"

"నేర్పితే మనిద్దరం రోడ్డు మీద పడతాం. నోర్మూసుకుని పడుండు."

సోమవారం నాలుగో మెకానిక్ వచ్చాడు. ఏ పనైనా నింపాదిగా చేస్తాడని అందరూ అతన్ని నత్త అంటారు. ప్లగ్గులు విప్పి వెలుతురులో పట్టుకుని చూశాడు. ఇనపకడ్డీ ఒక కొస ఇంజనుకూ ఇంకో కొస చెవికీ ఆనించి విన్నాడు. గంటన్నర గడిచాక లేచి, కోడలుగారిని మంచినీళ్ళు తెమ్మన్నాడు. ఆమె లోపలికి వెళ్ళగానే డ్రైవరు వైపు తిరిగాడు.

"ఇంజనంతా వేలితో పేరు రాసుకునేంత జిడ్డు. ఈ టోపీ ఒక్కటే పెళ్ళికొడుకులా మెరుస్తోంది. రోజూ స్నానం చేయిస్తున్నావా?"

నత్త రెండు వేళ్ళతో టోపీ లాగాడు. ఆడుతున్న ఇంజను గిజగిజలాడి ఆగిపోయింది. తిరిగి తొడిగాడు.

"అన్నా... పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం. ఇప్పుడెక్కడికి పోను?"

"ఆ అమ్మాయి తనకి చేతకాదని కుమిలిపోతోంది. నువ్వు చూసి ఆనందిస్తున్నావు. చూడు, శనివారం దాకా ఆగుతా. నువ్వే చెప్పుకో. లేదా శనివారం పదింటికి వచ్చి, నిన్ను ఎదురుగా నిలబెట్టి, ఆవిడ చేతే ఈ టోపీ పెట్టించి స్టార్టు చేయిస్తా."

నీళ్ళు వచ్చాయి. నత్త తాగి, "ఇంకోసారి చూడాలమ్మా, శనివారం వస్తా" అని వెళ్ళిపోయాడు.

మంగళవారం చెబుదామనుకున్నాడు డ్రైవరు. గురువారం కూడా అనుకున్నాడు. శనివారం పొద్దున లేవగానే అలవాటుగా టోపీ పీకి జేబులో వేసుకున్నాడు. పదింటికి గేటు దగ్గరే నత్తను పట్టుకుని కాళ్ళావేళ్ళా పడదామని అతని ఆలోచన. తొమ్మిదింటికి పెద్దాయన పిలిచి, బాగుకిచ్చిన కళ్ళజోడు తెమ్మన్నాడు. దుకాణం నడిచి వెళ్తే పాతిక నిమిషాలు.

దుకాణంలో ఉండగా ఫోను మోగింది. కోడలుగారు.

"కారు ఎలా స్టార్టు చెయ్యాలి? త్వరగా చెప్పు."

గొంతు వణుకుతోంది. వెనక ఎవరో కదులుతున్న చప్పుడు. అది నత్తేనని డ్రైవరు అనుకున్నాడు. నత్త ముందే వచ్చేశాడు. పక్కనే నిలబడి అడిగిస్తున్నాడు. టోపీ మాట తన నోటితోనే చెప్పించాలని చూస్తున్నాడు.

"అంత అర్జెంటేమిటమ్మగారూ?"

"నువ్వు ముందు చెప్పవయ్యా!"

"చోక్ పూర్తిగా లాగండి. పెడల్ పది పన్నెండుసార్లు గట్టిగా తొక్కండి. అందుకునేదాకా తాళం వదలకుండా తిప్పుతూనే ఉండండి."

అలా చేస్తే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. ప్లగ్గులు పెట్రోల్లో మునుగుతాయి, బ్యాటరీ నీరసించిపోతుంది. నత్త ఎదురుగానే కారు చస్తుంది. అప్పుడు తప్పు ఆవిడ మీదకు పోతుంది.

అయిదు నిమిషాలకు మళ్ళీ ఫోను. "పెట్రోలు వాసనొస్తోంది. తిరగడం కూడా నెమ్మదైపోయింది."

"ఇంకా తొక్కండి. మీకు ఓపిక తక్కువమ్మగారూ."

మూడోసారి మోగితే ఫోను నోరు నొక్కేశాడు. కళ్ళజోడు తీసుకుని, ఎండను తిట్టుకుంటూ, తీరిగ్గా నడిచాడు.

గేటు తీసి ఉంది. నత్త స్కూటరు లేదు. కారు నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. ముందు సీట్లో కోడలుగారు, జుట్టు నుదుటికి అంటుకుపోయి. వెనక సీట్లో అతని భార్య. పెదాలు నీలంగా ఉన్నాయి. పిడికిట్లో ఖాళీ అయిపోయిన మందు గొట్టం. ఛాతీలోంచి పిల్లికూతలు గేటు దాకా వినిపిస్తున్నాయి.

"రోడ్డు మీద కంగారుపడి ఏ లారీ కిందో పడతావని నీకు చెప్పలేదు," అంది కోడలుగారు వగరుస్తూ. "అంబులెన్సు రావడానికి గంటన్నర పడుతుందన్నారు. పక్కింటికి తాళం, ఒక్క ఆటో దొరకలేదు. నువ్వు స్టార్టు చెయ్, తొందరగా!"

కారులో ఆసుపత్రి ఎనిమిది నిమిషాలు.

డ్రైవరు బానెట్ ఎత్తాడు. ఈసారి వీపు అడ్డం పెట్టలేదు. జేబులోంచి టోపీ తీసి తొడిగాడు. ఎవరూ చూడలేదు, అందరి చూపూ వెనక సీటు మీదే ఉంది. వెళ్ళి తాళం తిప్పాడు.

టిక్.

మళ్ళీ తిప్పాడు.

టిక్.

అద్దంలో భార్య కళ్ళు అతన్నే చూస్తున్నాయి. నువ్వొచ్చావుగా, ఇంకేం భయం లేదన్నట్టు చూస్తున్నాయి.

తోస్తేనైనా అందుకుంటుందేమోనని డ్రైవరూ కోడలుగారూ కలిసి కారును గేటు దాకా తోశారు. తడిసిన ప్లగ్గులు ఒక్కసారీ అంటుకోలేదు. పెద్దాయన వరండాలోంచి "దాని చెవిలో చెప్పరా, నీ మాట వింటుంది!" అని అరుస్తున్నాడు.

పదింటికన్న నత్త పదింబావుకు వచ్చాడు. ఒక్క చూపులో అతనికి అంతా అర్థమైంది. స్కూటరు మీద తెచ్చిన బ్యాటరీ తగిలించాడు. ప్లగ్గులు నాలుగూ విప్పి, తుడిచి, ఆరబెట్టి, బిగించాడు. జీవితంలో ఎన్నడూ అంత వేగంగా పనిచేసి ఉండడు. అయినా పన్నెండు నిమిషాలు పట్టింది.

తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. సాఫీగా, నిలకడగా, పూసంత వణుకు లేకుండా ఆడింది. ఆ మెత్తటి చప్పుడులో ముందుగా గమనించింది కోడలుగారే. వెనక సీట్లో పిల్లికూతలు ఆగిపోయాయి.

మూడో రోజు పరామర్శకు వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక కోడలుగారు గ్యారేజీలోకి వచ్చింది. నత్త అక్కడే కొత్త బ్యాటరీ బిగిస్తున్నాడు. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి.

"నువ్వు చెప్పినట్టే చేశాను కదయ్యా. ఎక్కడ తప్పు చేశాను?"

నత్త చేతిలో పానా ఆగింది. డ్రైవరు నోరు తెరిచాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే గ్యారేజీ మీద గది, అందులో భార్య చీరలు, పంతొమ్మిదేళ్ళూ వచ్చాయి.

"పెడల్ ఎక్కువ తొక్కేసి ఉంటారమ్మగారూ."

ఆమె తల ఊపింది. చేతిసంచిలోంచి లైసెన్సు తీసి, రెండు చేతులతో విరవబోయి, విరగక, చెత్తడబ్బాలో పడేసింది.

"నేనింక ఆ సీట్లో కూర్చోను. నువ్వు బతికున్నంతకాలం ఈ ఇల్లు నీదే. నిన్ను ఎవరూ కదపరు. నీకు నేను చేసిన అన్యాయానికి ఇది ఏ మూలకొస్తుంది?"

ఆమె వెళ్ళాక నత్త పానా సంచిలో పడేశాడు.

"చెబుతావా?" అన్నాడు డ్రైవరు నేల చూస్తూ.

"చెబితే సోమవారమే ఎందుకు చెప్పలేదని నన్నడుగుతుంది." నత్త బానెట్ లోపలికి వంగాడు. ముక్కు చుట్టూ చిక్కటి జిగురు పూసి, టోపీని నొక్కిపెట్టి, ఆరేదాకా పట్టుకున్నాడు. "ఇక ఇది ఊడదు. నువ్వూ ఊడవు. ఉద్యోగం చేసుకో."

అప్పటినుంచి పొద్దున్న ఎనిమిదింటికి కోడలుగారు వచ్చి వెనక సీట్లో, డ్రైవరు భార్య తల ఆన్చిన వైపు వదిలేసి, రెండో వైపు కూర్చుంటుంది. పెద్దాయన వరండాలోంచి చూస్తాడు. ఇప్పుడు నవ్వడు. డ్రైవరు బానెట్ ఎత్తుతాడు. ఎత్తకపోతే అడుగుతారు మరి. వీపు అడ్డం పెట్టి, పెదాలు కదిపి, జిగురు కట్టిన టోపీ మీద ఒకసారి వేలు ఆన్చి, మూసేస్తాడు.

ఒక్క తిప్పుకే అందుకుంటుంది.

"నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళమో," అంటుంది కోడలుగారు వెనకనుంచి, రోజూ.