రాణికి బాగలేదు

ఆర్థర్ సార్ చనిపోయిన కొన్నాళ్లకు, తాళం వేసిన ఆయన ఇంట్లోంచి చప్పుళ్లు వస్తున్నాయన్నారు. లోపల మనిషి లేడు, దీపం లేదు. అయినా పొద్దు వాలిందంటే చాలు, ఎవరో కాలితో నేలను తన్నుతున్నట్టు ధబ్... ధబ్... అని వినిపించేది. నేరేడ్‌మెట్‌లో ఆ సందు అసలే ఇరుకు. ఇక సాయంత్రమైతే ఆ గోడ పక్కన నడిచే నాథుడే లేకుండా పోయాడు.

"సార్ రైల్వేల గార్డు చేసిండు గదా, ఇంకా డ్యూటీ దిగలేదు," అని ఎదురింటి కామాక్షి కనపడ్డవాళ్లందరికీ చెప్పేది. చెప్పి, తలుపేసుకునేది.

వెనకింటి సుమిత్రకు భయం లేదని కాదు, బోలెడంత ఉంది. కాకపోతే ఆమె ఒక పట్టాన దేన్నీ నమ్మే మనిషి కాదు. దయ్యమే అయితే కిటికీలోంచి పెంటికల కంపు ఎందుకొస్తుంది? సార్ కుందేళ్లను పెంచేవాడు. ఆయన్ని పాతిపెట్టించి వెళ్లిన మేనకోడలికి బెంగుళూరు ఫోన్ చేసి అడిగితే ఆ అమ్మాయి గతుక్కుమంది. "ఎవరో తీసుకెళ్లారనుకున్నా ఆంటీ!" అంది. ఈ 'ఎవరో' అనే మనిషి మన దేశంలో ఎన్ని పనులు చేయాలో పాపం! రెండో తాళంచెవి కామాక్షి దగ్గరే ఉందని తేలింది. మహాతల్లి దాన్ని ముట్టుకోవడానికి కూడా జడిసి పోపుల డబ్బా వెనక పడేసింది.

సుమిత్ర తన భర్త రాఘవేందర్‌ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఆయన పిండి గిర్నీ నడుపుతాడు. ఏళ్ల తరబడి ఆ మోత విని విని చెవులు సగం మొద్దుబారాయి, పిండి పడీ పడీ కనుబొమ్మలు తెల్లబడ్డాయి. దయ్యాలన్నా దవాఖానలన్నా ఆయనకు ఒకటే నవ్వు.

తలుపు తీశారు. లోపల ఆరు కుందేళ్లు. బొచ్చు అట్టలు కట్టింది, గోళ్లు వంకరలు తిరిగాయి, చెవుల నిండా గజ్జి. పెరట్లో గడ్డిని వేళ్లతో సహా తినేశాయి. కారే నల్లా ఒకటి వాటిని బతికించింది. అంతవరకూ జాలిపడాల్సిన సంగతే. సుమిత్రకు ఒళ్లు జలదరించింది మాత్రం నేలను చూసి. గదంతా పెంటికలు, కొరికిన కాగితాలు. సార్ పేము కుర్చీ ముందు మాత్రం, ఒక మనిషి పడుకున్నంత మేర, నేల తుడిచిపెట్టినట్టు శుభ్రంగా ఉంది. కుందేళ్లు ఆ జాగాలో కాలు పెట్టడం లేదు. దాని చుట్టూ కూర్చుని చూస్తున్నాయి.

"సార్ పడిపోయింది గాడనే," అన్నాడు రాఘవేందర్. ఆ ఒక్కసారికి ఆయన నవ్వలేదు.

ఆరింటినీ ఇంటికి తెచ్చి, వంటింటికి ఆనుకుని ఉన్న వెనక వరండాలో వదిలారు. ఏ.ఎస్. రావు నగర్‌లో పశువుల డాక్టరు నీహారిక ఉంది. వాళ్లవాళ్లు రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, ఓపికున్న పిల్ల. పెరిగిపోయిన పళ్లు కత్తిరించింది, గోళ్లు తీసింది, చెవులకు మందిచ్చింది. మిగిలిన చాకిరీ అంతా సుమిత్రదే. సైనిక్‌పురి వైపు ఖాళీ ప్లాట్లలో గరిక కోసుకొచ్చేది. కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కాడలు, ముల్లంగి ఆకు ఏరుకునేది. లేవలేనివాటిని ఒళ్లో పెట్టుకుని, నానబెట్టి మెత్తగా చేసిన మేతను సూది లేని సిరంజితో నోట్లో పట్టేది.

రాఘవేందర్‌కూ ప్రేమ పొంగింది. పెళ్లాం లేనప్పుడు చూసి, బూడిద రంగు పెద్ద ఆడ కుందేలుకు, అంటే రాణికి, గిర్నీ నుంచి తెచ్చిన జొన్నపిండిని ముద్దలు చేసి పెట్టాడు. మర్నాటికి రాణి కడుపు డోలులా ఉబ్బి, మూలన ముడుచుకుంది.

"పిండి పెట్టారా అంకుల్!" నీహారిక తల పట్టుకుంది. "కుందేలుకి కడుపు ఆగితే ప్రాణం ఆగినట్టేనండీ. ఒక్క పూట తినకపోయినా పరిగెత్తుకు రావాలి. ఇవి నొప్పి పైకి చూపించవు. చూపిస్తే ఏ జంతువో పట్టుకుపోతుందని వీటి భయం. చచ్చేదాకా మామూలుగానే కూర్చుంటాయి."

రాణి బతికింది. బతికేదాకా రాఘవేందర్ దాని పక్కనుంచి లేవలేదు, గిర్నీ తెరవలేదు. తన చేత్తో పెట్టిన ముద్ద కదా, మనిషి కుమిలిపోయాడు. అప్పట్నుంచి రాణి తుమ్మినా ఆయన చెప్పులేసుకునేవాడు.

మెల్లగా అన్నీ కోలుకున్నాయి. కొత్త బొచ్చు వచ్చింది. వరండాలో ఒకటే గంతులు. సుమిత్ర ప్రాణం కుదుటపడింది. సరిగ్గా అప్పుడే మళ్లీ ఆ చప్పుడు మొదలైంది.

ఒక సాయంత్రం రాఘవేందర్ గిర్నీ నుంచి వచ్చి వరండాలో తన కుర్చీలో కూర్చున్నాడు. ధబ్. రాణి వెనక్కాలుతో నేలను తన్నింది. దాన్ని చూసి ఇంకొకటి తన్నింది. ఆరూ ఆయన వైపే తిరిగి, చెవులు నిక్కబొడుచుకుని, ఒకదాని తర్వాత ఒకటి తన్నుతూనే ఉన్నాయి.

నీహారికకు ఫోన్ చేస్తే, "దేనికో బెదిరినప్పుడు అలా తంతాయి ఆంటీ. మిగతావాటికి హెచ్చరిక అన్నమాట. పిల్లి ఏదైనా వస్తోందేమో, పిండి వాసన పడటం లేదేమో చూడండి," అంది. పిల్లి లేదు. రాఘవేందర్ స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ధబ్. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆయన గిర్నీలో ఉన్నంతసేపూ వరండాలో చప్పుడే ఉండేది కాదు.

"నన్ను జూసి సెల్యూట్ కొడుతున్నయే, పోలీసోళ్ల లెక్క," అని ఆయన నవ్వాడు. నవ్వి, ఛాతీ రుద్దుకున్నాడు. "జెర సోడా తే. గ్యాస్ పట్టింది."

గ్యాస్! మన ఇళ్లల్లో మగవాళ్లకు గుండె అనేది ఉండదు, ఉన్నదంతా గ్యాసే. భుజం లాగితే గ్యాస్, చెమట పడితే గ్యాస్, నాలుగు మెట్లెక్కి ఆయాసపడితే అది నిన్న తిన్న శనగపప్పు పుణ్యం.

ఆ తర్వాతి పొద్దున వరండా ఊడుస్తూ సుమిత్ర చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అన్ని మూలలా పెంటికలు ఉన్నాయి. రాఘవేందర్ కుర్చీ ముందు, ఒక మనిషి పడుకున్నంత మేర, ఒక్కటి కూడా లేదు.

చీపురు పడేసి కామాక్షి ఇంటికి పరిగెత్తింది. "అక్కా, నిజం చెప్పు. ఆ సప్పుడు సార్ పోయినంక షురూ అయిందా, అంతకుముందే ఉండెనా?"

కామాక్షి వేళ్ల మీద లెక్కపెట్టింది. "ముందుగాల సుత ఉండె. ఆఖరి వారం దినాలు రోజూ పొద్దుగూకంగనే గదే సప్పుడు. ఏందీ సార్ గీ లొల్లి అని అడిగిన గూడ. 'గ్యాస్ పట్టి నాకు పాణం బాగుంట లేదమ్మా, వీటికేమైందో తెలుస్తలేదు' అన్నడు."

తన మొగుడు లేని ఇంటిని సుమిత్ర ఎన్నడూ ఊహించుకోలేదు. ఇప్పుడు ఊహించుకోక తప్పలేదు. ఇంటికొచ్చి భర్త చేతులు పట్టుకుంది. "ఇగో, నీకు దండం పెడ్త. ఒక్కసారి గుండె చూపించుకుందాం పా."

"డాక్టర్‌కు ఏం జెప్పాలే? కుందేళ్లు తన్నినయి, అందుకే వచ్చిన అని జెప్పాల్నా? ఇజ్జత్ పోతది," అన్నాడు ఆయన.

సుమిత్ర తిట్టింది, ఏడ్చింది, అన్నం మానేసి కూర్చుంది. ఆయన చెవిన పెడితేగా! గిర్నీకి వెళ్లిపోయాడు.

సాయంత్రం పొద్దుండగానే వచ్చేశాడు. ముఖం పాలిపోయి ఉంది. పిండి అనుకుందామంటే, ఇప్పుడే కడుక్కున్నాడు. కుర్చీలో కూలబడ్డాడు. సుమిత్ర చప్పుడు కోసం చూసింది. చప్పుడు రాలేదు. ఆరు కుందేళ్లూ ఆయన ముందున్న ఆ ఖాళీ జాగా చుట్టూ చేరి, కదలకుండా కూర్చున్నాయి. ఆర్థర్ సార్ గదిలో ఎలా కూర్చున్నాయో అలాగే. ఇన్నాళ్లూ ఆ తన్నుడు ఆగితే బాగుండని మొక్కుకున్న సుమిత్ర, ఇప్పుడు ఒక్కసారి తన్నండే అని మనసులో వాటిని బతిమాలుకుంది.

అప్పుడామె తన జన్మలో ఆడని అబద్ధం ఆడింది.

"రాణికి బాగలేదు," అంది. "పొద్దటి సంది ఏం తింటలేదు. పా, పోదాం."

రాఘవేందర్ దిగ్గున లేచాడు. "పొద్దటి సందా? ఇప్పుడా జెప్పేది!" అంటూ చెప్పుల కోసం వెతుక్కున్నాడు. స్కూటర్ తీయబోతే, రాణి ఉన్న బుట్ట పట్టుకోవాలని చెప్పి సుమిత్ర ఆటో ఎక్కించింది. నీహారిక క్లినిక్‌కు రెండు గుమ్మాల అవతల పెద్ద హాస్పిటల్ ఉంది. అక్కడిదాకా లాక్కెళ్తే చాలు, ఆ పిల్ల చేత చెప్పించి లోపలికి తోసెయ్యొచ్చని ఆమె ఎత్తు.

ఆటోలో ఆయన బుట్టను ఒళ్లో పెట్టుకుని, "ఏం గాదు బిడ్డా, వచ్చేసినం, ఏం గాదు," అని రాణికి ధైర్యం చెబుతూనే ఉన్నాడు. ఆయన గడ్డం మీదుగా చెమట బుట్టలోకి కారుతోంది.

నీహారిక రాణి కడుపు మీద స్టెతస్కోప్ పెట్టి విన్నది. "దీనికేం లేదాంటీ. కడుపు చక్కగా కదులుతోంది."

రాఘవేందర్ భార్య వైపు తిరిగాడు. "అబద్ధం జెప్పినవా?"

"చెప్పిన," అంది సుమిత్ర.

ధబ్.

ముగ్గురూ తలతిప్పారు. క్లినిక్ మూలన ఒక బోనులో ఎవరిదో తెల్ల కుందేలు ఉంది. వైద్యానికి వచ్చింది. వీళ్లను అంతకుముందు ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. అది లేచి నిలబడి, ఊచల్లోంచి రాఘవేందర్‌నే చూస్తోంది. ధబ్. ధబ్. ఆయన నవ్వబోయి నోరు తెరిచాడు. నవ్వు రాలేదు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే నేల మీద పడిపోయాడు.

"కుక్కలకు చేశానాంటీ, మనుషులకు ఎప్పుడూ చేయలేదు," అంటూనే నీహారిక మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో ఆయన ఛాతీని నొక్కడం మొదలుపెట్టింది. సుమిత్ర చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి ఉరికింది. ఆమె అరుపులకు హాస్పిటల్ వాళ్లు స్ట్రెచర్‌తో పరిగెత్తుకొచ్చారు.

గుండె రక్తనాళం పూడుకుపోయిందట. తెరిచి స్టెంట్ వేశారు. "ఇంట్లో పడి ఉంటే మేం చేసేదేమీ ఉండేది కాదు. నొప్పి ఉందని ఎలా కనిపెట్టారమ్మా?" అని పెద్ద డాక్టరు అడిగాడు.

సుమిత్ర కుందేళ్ల మాట ఎత్తలేదు. "గ్యాస్ అన్నడు సార్," అని ఊరుకుంది. అంటుండగానే ఎడమ చేతిలోని చాయ్ కప్పు జారి కింద పడింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. సరిగ్గా నిద్ర లేక అనుకుంది.

రాఘవేందర్ ఇంటికొచ్చి తన కుర్చీలో కూర్చున్నప్పుడు ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. రాణి గెంతుకుంటూ వచ్చి ఆయన పాదాల మీద పడుకుంది. మర్నాడు కుర్చీ ముందు పెంటికలే పెంటికలు! సుమిత్ర వాటిని ఊడుస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. పెంట ఎత్తుతూ అంత సంబరపడ్డ ఆడది నేరేడ్‌మెట్‌లో ఇంకొకరు ఉండరు.

రాఘవేందర్ ఇప్పుడు కుందేళ్ల మీద జోకులు వేయడు. కొత్తిమీర తనే కడిగి పెడతాడు. సుమిత్రకు మాత్రం పని రెట్టింపయింది. ఆయన మందులు, ఉప్పు తగ్గించిన కూరలు, గరిక. అప్పుడప్పుడు చేతిలోంచి గరిటె జారిపోయేది. ఒకసారి కామాక్షితో మాట్లాడుతుంటే నాలుక మడతపడి, ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంట్లో చెప్పలేదు. ఆయన ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతున్నాడు, పరేషాన్ చేయడం ఎందుకు? పైగా ఈమధ్య వంటింటి గుమ్మం ముందు ఊడ్చే పని తప్పింది. కుందేళ్లు అటు రావడం మానేశాయి. అదొక సుఖం అనుకుంది.

ఆ సాయంత్రం ఆమె వంటింట్లో చాయ్ పెడుతోంది. వరండాలో ధబ్ మంది.

సుమిత్ర పొయ్యి మీది చాయ్ వదిలేసింది. ఒక్క అంగలో గుమ్మంలోకి వచ్చి ముందు ఆయన్నే చూసింది. రాఘవేందర్ నిక్షేపంగా కూర్చుని ఉన్నాడు. ముఖంలో కళ ఉంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు కుందేళ్లను చూసింది. ఆరూ ఆయనకు వీపు పెట్టి, గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి. ధబ్. ధబ్. ధబ్.

రాఘవేందర్ కుందేళ్లను చూశాడు. ఆమె కాళ్ల ముందు శుభ్రంగా ఉన్న నేలను చూశాడు. పక్కన వేలాడుతున్న ఆమె ఎడమ చేతిని చూశాడు. ఆయన ముఖంలో ఉన్న ఆ కాస్త కళా పోయింది. లేచి, ఆమె చెప్పులు తెచ్చి, కాళ్ల ముందు పెట్టాడు.

"ఏందయ్యా?" అంది సుమిత్ర. ఆ ఒక్క మాటా నోట్లో సరిగ్గా తిరగలేదు.

"రాణికి బాగలేదు," అన్నాడు రాఘవేందర్. "పొద్దటి సంది ఏం తింటలేదు. పా, పోదాం."

ఆయన వెనకాల రాణి, కొత్తిమీర కాడ సగం నోట్లో పెట్టుకుని, సుమిత్రనే చూస్తోంది. సుమిత్ర దాన్ని చూసింది, ఆయన్ని చూసింది. కుడికాలు చెప్పులో పెట్టింది. ఎడమకాలు లేవలేదు. దాన్ని ఆయనే వంగి, రెండు చేతులతో ఎత్తి, చెప్పులో పెట్టాడు.